పిల్లల పని పిల్లలకే వదలాలా? ఎంతవరకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లల గురించే. ‘మా వాడికి బాధ్యత తెలియడం లేదు’ అని పెద్దవాళ్లు రాశారు. ఇద్దరు పిల్లలు కూడా రాశారు. వాళ్ల బాధ వేరే. నల్లగొండ జిల్లా హైస్కూళ్లలో లెక్కలు చెప్పి, హెడ్‌మాస్టర్‌గా రిటైరైనదాన్ని కాబట్టి ఈ వయసు పిల్లలంటే నాకు ప్రాణం. ఉత్తరాలు రాసిన వారిని ఎవరూ గుర్తుపట్టకుండా పేర్లు, వివరాలు తీసేశాను.

ప్రశ్న: మేడం, నమస్తే. మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. తెల్ల రేషన్ కార్డు ఉంది, గృహజ్యోతి కింద కరెంటు బిల్లు సున్నా వస్తోంది. బాబు పదో తరగతి. పొద్దున నాలుగుసార్లు లేపితే గానీ లేవడు. బ్యాగు సర్దేది నేనే, నీళ్ల సీసా నింపేది నేనే. మొన్న సైన్స్ రికార్డు ఇంట్లో మరిచిపోతే ఆటో ఎక్కి పోయి స్కూల్లో ఇచ్చి వచ్చాను. సాయంత్రం ఇంటికి రాగానే, ‘పొద్దున నువ్వు గుర్తుచేయలేదు, నువ్వు తెచ్చేదాకా సార్ నన్ను నిలబెట్టిండు’ అని నా మీదే అరిచాడు. ఏడుపొచ్చింది. వీడికి బాధ్యత ఎప్పుడు తెలుస్తుంది? పదో తరగతి కదా, ఈ ఏడు ఏమీ అనొద్దని మా ఆయన అంటున్నారు.

జవాబు: చెల్లె, ఏడవకు. కానీ నీ కొడుకు అన్నదాంట్లో ఒక నిజముంది, కోపం తెచ్చుకోకుండా విను. రికార్డు రాయడం వాడి పని, దాన్ని గుర్తుపెట్టుకుని బడికి చేర్చడం అమ్మ పని అని మీ ఇంట్లో ఎవరూ చెప్పకుండానే పంపకం జరిగిపోయింది. ఏళ్ల తరబడి అట్లాగే నడిచింది. ఆ రోజు నీ వంతు పని కాలేదు, అందుకే వాడు నిన్ను అడిగాడు. అరవడం తప్పే. అది వాడికి గట్టిగానే చెప్పాలి. అయితే ఆ పంపకం మార్చకుండా అరుపు ఒక్కటే ఆపితే రేపు మనసులో అనుకుంటాడు, అంతే తేడా.

మన ఇళ్లలో పిల్లలకు పనులు చెప్పడం తక్కువేమీ కాదు. ‘పోయి పెరుగు ప్యాకెట్ పట్టుకురా’ అంటాం, తెస్తారు. కానీ ఇంట్లో పెరుగు అయిపోయిందని చూసింది ఎవరు? రాత్రికి సరిపోతుందా అని ఆలోచించింది ఎవరు? మనమే. వాళ్లవి కాళ్లు మాత్రమే. అట్లాంటి పనులు రోజుకు పది చెప్పినా పిల్లాడికి బాధ్యత అలవాటు కాదు. ఒక పని మొదలు నుంచి చివరిదాకా వాడి చేతుల్లో ఉండాలి. ఎప్పుడు చేయాలో వాడే చూసుకోవాలి, చేయకపోతే వచ్చే ఇబ్బంది వాడికి తెలిసిరావాలి.

ముందుచూపుతో ఆలోచించే మెదడు ముందు భాగం ఈ వయసులో ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఆ ఎదుగుదల ఇరవై అయిదేళ్ల దాకా సాగుతుందని మెదడును పరిశీలించేవాళ్లు చెబుతారు. ఈ మాట విని చాలామంది తల్లిదండ్రులు ‘అయితే అప్పటిదాకా మనమే ఆలోచించాలి’ అనుకుంటారు. నేను దీన్ని ఇంకో రకంగా తీసుకుంటాను. ఎదుగుతున్నప్పుడే దానికి పని పెట్టాలి. పదిహేనేళ్లకు పెట్టకుండా పద్దెనిమిదేళ్లకు ఇంజినీరింగ్ హాస్టల్‌కు పంపి, ‘ఇక నీ బతుకు నువ్వే చూసుకో’ అంటే ఆ పిల్లాడు ఏం చేయగలడు? బట్టలు ఉతుక్కోవడం దగ్గర మొదలుపెట్టి ఫీజు కట్టే చివరి తేదీ దాకా అన్నీ ఒకేసారి మీద పడతాయి.

పదో తరగతి కదా అన్న మీ ఆయన భయం నాకు అర్థమవుతుంది. అందుకే అన్నీ ఒకేరోజు వదలమని చెప్పను. పోయినా రేపు సరిదిద్దుకోగలిగేవి వాడికి వదిలెయ్. రికార్డు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, యూనిఫాం ఇస్త్రీ, పొద్దున లేవడం అటువంటివి. ఒకరోజు నీళ్ల సీసా మరిచిపోతే దోస్తు దగ్గర తాగుతాడు. రికార్డు మరిచిపోతే నిలబడతాడు. వీటివల్ల ఎవరి జీవితమూ పోదు. పోతే మళ్లీ రానివి మాత్రం మీరిద్దరూ పట్టుకోండి. హాల్‌టికెట్, పరీక్ష ఫీజు చివరి తేదీ, ఒంట్లో బాగాలేనప్పుడు మందులు ఈ లెక్కలోకి వస్తాయి. మార్చిలో పరీక్షల పొద్దున మాత్రం వాడు లేచాడా లేదా అని నువ్వూ చూడు. అక్కడ పట్టుదలకు పోవద్దు.

పొద్దున లేవకపోవడం గురించి ఇంకో మాట. ఈ వయసులో ఒంట్లో నిద్ర గడియారమే కొంచెం ఆలస్యంగా తిరుగుతుంది, చిన్నప్పటిలా తొమ్మిదికల్లా నిద్ర రాదు. దానికి ఫోన్ తోడైతే అర్ధరాత్రి అవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కాబట్టి లేవని పిల్లాడిని సోమరి అనకు. రాత్రి ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టే పద్ధతి ఇంట్లో అందరికీ పెట్టు, మీ ఆయనతో సహా. వాడికి ఒక అలారం గడియారం కొనివ్వు. తర్వాత లేపడం మానెయ్.

మానేసేముందు వాడికి చెప్పాలి. కోపంలో ‘ఇక నీ చావు నువ్వు చావు’ అని అంటే అది శిక్షలా వినిపిస్తుంది. ఆదివారం పూట అన్నం తింటున్నప్పుడు మామూలుగా చెప్పు. ‘సోమవారం నుంచి నీ బ్యాగు నేను ముట్టను. మరిచిపోతే నేను స్కూలుకు రాను. నువ్వు చేసుకోగలవని అనుకుంటున్నా.’ క్లాస్ టీచరుకు కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచు. మొదటి వారం కనీసం రెండుసార్లు లేటవుతాడు, తిట్లు తింటాడు, ఇంటికి ముఖం మాడ్చుకుని వస్తాడు. అప్పుడు నీకు అన్నిటికంటే కష్టమైన పని ఉంది. ‘నేను చెప్పలేదా’ అనకుండా ఉండాలి. ఆ ఒక్క మాట అన్నావంటే వాడు తన మరుపును వదిలేసి నీ మాట మీద కోపం పెట్టుకుంటాడు. అన్నం పెట్టు, ‘అయితే రేపు ఏం చేస్తావ్?’ అని అడిగి ఊరుకో.

ఇంటికి సంబంధించిన పని కూడా ఒకటి అప్పగించు. మీకు తెల్ల రేషన్ కార్డు ఉందని, గృహజ్యోతి కింద కరెంటు బిల్లు సున్నా వస్తోందని రాశావు కదా. 2024లో మొదలైన ఆ ఉచిత కరెంటు పథకంలో నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. మీటరు బాధ్యత వాడికి ఇవ్వు. రోజూ సాయంత్రం రీడింగ్ చూసి గోడ క్యాలెండర్ మీద రాయాలి. నెలకు 200 అంటే రోజుకు ఆరున్నర యూనిట్లకు కొంచెం ఎక్కువ. మిర్యాలగూడ ఎండల్లో మే నెలలో రెండు కూలర్లు, ఫ్రిజ్ నడిస్తే ఎంత అవుతుందో వాడే లెక్కేస్తాడు. ఏది ఎప్పుడు ఆపాలో వాడు చెబితే మీరు వినాలి. మీ ఆయన టీవీ ముందు కూర్చుంటే ‘నాన్నా, పక్క గదిలో ఫ్యాన్ తిరుగుతోంది’ అనే హక్కు వాడికి ఉండాలి. ఒక నెల 210 వచ్చి బిల్లు పడిందనుకో, ఆ బిల్లు కట్టడానికి వాడినే పంపు. వాడి పాకెట్ మనీ కోయొద్దు, తిట్టొద్దు. ఎక్కడ తేడా వచ్చిందో క్యాలెండర్ ముందు నిలబడి వాడే వెతుక్కుంటాడు. లెక్కల టీచరుగా చెబుతున్నా, వాడికి సరాసరి అంటే ఏమిటో పుస్తకం కంటే బాగా తెలుస్తుంది. వాడికి దానికంటే ఎక్కువగా తెలిసేది, తను చూడకపోతే ఇంట్లో ఇంకెవరూ చూడరని.

ప్రశ్న: మేడం, మాకు జడ్చర్లలో బట్టల షాపు ఉంది. మా వాడు ఇంటర్ ఫస్టియర్, పదహారేళ్లు. పోయిన నెల నా బండి తీసుకుని ఇద్దరు దోస్తులను ఎక్కించుకుని పోతూ, కూరగాయలమ్మే ఒక పెద్దమ్మ తోపుడుబండిని గుద్దాడు. బండి పడిపోయింది, ఆమె మోకాలికి దెబ్బ తగిలింది. నేను ఆసుపత్రి ఖర్చుతో కలిపి 8 వేలు ఇచ్చి మాట్లాడుకున్నాను. మా వాడు అప్పటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. ‘భయపడ్డాడు, ఇక వదిలేయండి’ అంటుంది మా ఇంటామె. మా అన్న మాత్రం ‘నాలుగు తగిలించు, లేకపోతే బుద్ధి రాదు’ అంటాడు. ఏది కరెక్టు?

జవాబు: తమ్ముడూ, రెండూ కరెక్టు కాదు. ముందు మీ సంగతి చెబుతా. పదహారేళ్ల పిల్లాడికి ఆ బండి నడిపే లైసెన్సు రాదు. ఆ వయసుకు చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాటని బండికి, అదీ లైసెన్సుతోనే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు లేనివాళ్లు నడిపితే ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన పరిహారాన్ని మీ దగ్గరే వసూలు చేసుకోవచ్చు. తాళం మీ ఇంట్లో చేతికి అందేచోట వేలాడుతోంది కాబట్టి ఇందులో మొదటి జవాబుదారీ మీది. ఆ మాట మీ అబ్బాయి ముందు మీ నోటితో చెప్పండి. ‘నీకు బండి అందేలా పెట్టడం నా తప్పు’ అని తండ్రి అనగా విన్న పిల్లాడు తన తప్పును ఒప్పుకోవడానికి అంత భయపడడు.

ముగ్గురు ఎక్కారన్న సంగతి చిన్న వివరంలా రాశారు. నాకు అదే ముఖ్యంగా కనిపించింది. 2005లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట పెట్టి చూశారు. ఒంటరిగా ఆడినప్పటి కంటే పక్కన దోస్తులు ఉన్నప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు చాలా ఎక్కువ ప్రమాదం నెత్తిన వేసుకున్నారు. ఇరవై నాలుగేళ్లు దాటినవాళ్లలో దోస్తులు ఉన్నా లేకున్నా పెద్ద తేడా రాలేదు. మీ అబ్బాయి ఒక్కడే పోయి ఉంటే నెమ్మదిగా నడిపేవాడేమో. ఇది వాడి తప్పును తగ్గించడానికి చెప్పడం లేదు. ‘వెనక ఎవరైనా ఉన్నప్పుడు నేను వేరే మనిషిని అవుతున్నా’ అని వాడు తెలుసుకుంటే ఇంకోసారి జాగ్రత్త పడే దారి దొరుకుతుంది.

ఇక 8 వేల సంగతి. మీరు ఇచ్చారు, మీరే మాట్లాడుకున్నారు. మీ అబ్బాయి ఎక్కడున్నాడు? ఇంట్లో ఉన్నాడు. ఆ పెద్దమ్మ ముఖం వాడు మళ్లీ చూడలేదు. వాడు మాట్లాడకుండా ఉండడానికి భయం ఒక్కటే కారణం అనుకోవడం లేదు నేను. చేసినదాన్ని సరిచేసే దారి ఎవరూ చూపలేదు, దానికి ముందే పెద్దవాళ్లు డబ్బుతో మూసేశారు. కొడితే కూడా అంతే, దెబ్బలు తిన్నా కాబట్టి లెక్క సరిపోయిందని అనుకుంటాడు. ఆమె మోకాలికి, వాడి వీపుకు ఏం సంబంధం?

వాడిని ఆమె దగ్గరికి తీసుకుపోండి. మీరు నాలుగు అడుగులు అవతల నిలబడండి, మాట్లాడేది వాడు. దోస్తులు ఊపారు, అడ్డం వచ్చారు లాంటి మాటలు లేకుండా, ‘పెద్దమ్మా, బండి నడిపింది నేనే. నావల్ల నీకు దెబ్బ తగిలింది. ఇప్పుడు నొప్పి ఎట్లుంది?’ అని అడగాలి. ఆమె తిడితే నిలబడి వినాలి. తోపుడుబండి చక్రం ఇంకా సరిగా తిరగడం లేదేమో, పొద్దున మార్కెట్ నుంచి గంప ఎత్తుకోవడం కష్టంగా ఉందేమో. వాడు చేయగలిగింది అక్కడే కనిపిస్తుంది.

డబ్బులో ఒక భాగం వాడు మీకు తిరిగి కట్టాలి. ఆదివారాలు మీ షాపులో కూర్చోబెట్టండి. మీ దగ్గర పనిచేసే కుర్రాడికి రోజుకు ఎంత ఇస్తారో అంతే లెక్క వేయండి, ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. మొత్తం 8 వేలూ వాడి మీద వేస్తే నెలల తరబడి తెగదు, చదువు చెడుతుంది. రెండు, మూడు వేలు చాలు. అది తీరిన రోజు పుస్తకంలో కొట్టివేసి, ఆ విషయం మూసేయండి. దసరాకు చుట్టాలు వచ్చినప్పుడు ‘మా వాడు బండితో గుద్దిండు తెలుసా’ అని మళ్లీ తీయకండి. తీర్చిన అప్పును పదేపదే అడిగే ఇంట్లో ఎవరికైనా తీర్చాలన్న బుద్ధి పుట్టదు.

ఇవన్నీ చేసినా రెండు వారాలు దాటి వాడు తిండి, నిద్ర లేకుండా ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక సాయం. తెలుగులోనే మాట్లాడవచ్చు. దానికి సిగ్గు పడాల్సింది లేదు.

ప్రశ్న: మేడం, మాది మక్తల్ దగ్గర ఊరు. నేను తొమ్మిదో తరగతి. దసరా అయినంక మా అమ్మానాయన పుణెకు బిల్డింగ్ పనికి పోయారు. నేను, తమ్ముడు, చెల్లె నానమ్మ దగ్గర ఉంటాం. నానమ్మకు కళ్లు సరిగా కనబడవు. నేను ఐదింటికి లేచి నీళ్లు పట్టి, అన్నం వండి, చెల్లెకు జడ వేసి, బడికి పోతాను. రాత్రి కూడా నేనే వండుతా. తమ్ముడికి పన్నెండేళ్లు, ఏం చెప్పినా వినడు. బళ్లో అందరూ నన్ను ‘బాధ్యత గల పిల్ల’ అంటారు. కానీ నాకు మొన్న చాలా కోపం వచ్చి చెల్లెను కొట్టాను. అమ్మ మీద కూడా కోపం వస్తుంది. నేను చెడ్డదాన్నా? నానమ్మ ‘పెండ్లి చేస్తే నీ కష్టం తీరుతుంది’ అంటుంది, నాకు భయంగా ఉంది.

జవాబు: బిడ్డా, నువ్వు చెడ్డదానివి కాదు. నీ ఉత్తరం చదివి చాలాసేపు ఇంకో ఉత్తరం తెరవలేకపోయాను.

నీకు కోపం ఎందుకొస్తోందో నేను చెబుతా. నిద్ర లేదు. నీ వయసు పిల్లకు కనీసం ఎనిమిది గంటలు కావాలి, రాత్రి వంట చేసి, మళ్లీ ఐదింటికి లేచే నీకు అంత నిద్ర దొరకదు. రెండో కారణం, నువ్వు మోస్తున్నది నీ పని కాదు. అది మీ అమ్మది, నాయనది, నానమ్మది. వాళ్లు కావాలని నీ మీద వేయలేదు, పాలమూరులో వాన, భూమి సరిగా లేక ఎన్నో కుటుంబాలు తరాల నుంచి ముంబైకి, పుణెకు పోతున్నాయి. అయినా కష్టం కష్టమే. అందరూ మెచ్చుకుంటుంటే ‘నాకు చేతకావడం లేదు’ అని చెప్పడం ఇంకా కష్టం. నువ్వు నాకు చెప్పావు. అది చాలా మంచి పని.

ఇప్పుడు ఏం చేయాలో చూద్దాం. తమ్ముడికి ‘అది చెయ్, ఇది చెయ్’ అని చెప్పడం ఆపు. ఒక్క పని పూర్తిగా వాడికి ఇవ్వు, నీళ్లు పట్టడం. నల్లా వచ్చే టైముకు వాడు లేవాలి, బిందెలు కడిగి నింపాలి. ఒకరోజు నింపకపోతే నువ్వు పరుగెత్తుకుపోయి నింపకు. నానమ్మకు, వంటకు పొరుగింట్లో ఒక బిందె అడిగి తెచ్చుకో, వాడి స్నానానికి మాత్రం నీళ్లు ఉండవు. పన్నెండేళ్ల మగపిల్లాడికి నీళ్లు పట్టడం రాదని, తన కంచం తను కడగడం రాదని అనుకోవడం మన ఇళ్లలో ఉన్న పాత అన్యాయం. ఆడపిల్ల మాత్రమే బాధ్యత నేర్చుకోవాలన్న చట్టం ఎక్కడా లేదు. చెల్లెకు ఇల్లు ఊడవడం ఇవ్వు. కొట్టినందుకు చెల్లెను దగ్గరికి తీసుకుని ‘నిద్రలేక కోపమొచ్చింది, కొట్టడం తప్పే’ అని చెప్పు. అంతకంటే పెద్దగా బాధపడకు.

ఆదివారం అమ్మానాయన ఫోన్ చేసినప్పుడు ‘అంతా బాగుంది’ అనకు. ‘అమ్మా, నాకు రాత్రి చదువుకోవడానికి టైం దొరకడం లేదు. ఇట్లా అయితే పదో తరగతి నాకు కష్టమవుతుంది. మీలో ఒకరు రండి, లేకపోతే నన్ను హాస్టల్లో వేయండి’ అని సూటిగా చెప్పు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు నీలాంటి అమ్మాయిల కోసమే ఉన్నాయి. ఆరో తరగతి నుంచి ఉచితంగా చదువు, తిండి, వసతి ఇస్తారు. వలసపోయే ఇళ్ల పిల్లల కోసం కొన్నిచోట్ల సీజనల్ హాస్టళ్లు కూడా నడుస్తాయి. మీ హెడ్‌మాస్టర్ సార్‌ను అడుగు, సీట్ల సంగతి ఆయన కనుక్కుంటారు. అడగడానికి సిగ్గయితే ఈ పేజీ చూపించు.

పెళ్లి మాటకు భయపడకు. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరం. నానమ్మ నీ మీద ప్రేమతోనే అంటోంది, ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. కానీ ఎవరైనా నిజంగా సంబంధం మాట్లాడితే 1098కి ఫోన్ చెయ్. ఏ ఫోన్ నుంచైనా డబ్బులు పడవు, రాత్రయినా పగలైనా ఎత్తుతారు. బళ్లో నీకు బాగా నచ్చిన టీచరుకు ఈ మాట ఇవాళే చెప్పి ఉంచు.

ఈ పేజీ చదివే వలస తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో పెద్ద బిడ్డను వదిలి పోతున్నప్పుడు ‘నువ్వే చూసుకోవాలి’ అని తల మీద చెయ్యి పెట్టి పోకండి. ఏదైనా అయితే ఏ పెద్ద మనిషి దగ్గరికి పోవాలో ఒకరి పేరు, ఇల్లు చూపించి, వాళ్లతో మాట్లాడి పోండి.

ప్రశ్న: మేడం, నేను దేవరకొండ వైపు గురుకులంలో ఎనిమిదో తరగతి. డార్మిటరీలో బాల్ ఆడుతుంటే నా బాల్ తగిలి కిటికీ అద్దం పగిలింది. సార్ వచ్చేసరికి నా దోస్తు అక్కడ నిలబడి ఉన్నాడు. వాడే పగలగొట్టాడని వాడితో మూడొందలు కట్టించారు. వాడు నా పేరు చెప్పలేదు. ఇప్పుడు చెబితే నన్ను ఏమంటారో అని భయం. చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు.

జవాబు: నాన్నా, చెప్పు. రేపే చెప్పు.

పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో చూడడానికి పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పిల్లలకు రెండు కథలు చెప్పేవాడు. ఒక పిల్లాడు తలుపు తోస్తే దాని వెనక ఉన్నాయని తెలియని పదిహేను కప్పులు పగిలాయి. ఇంకొకడు దొంగతనంగా జామ్ తీయబోతే ఒక కప్పు పగిలింది. ఎవరిది పెద్ద తప్పు అని అడిగితే చిన్నపిల్లలు పదిహేను కప్పులు పగలగొట్టినవాడిదే అనేవారు. పదేళ్లకు దగ్గరైన పిల్లలు మనసులో ఏముందో చూసి చెప్పేవారు. నువ్వు పదమూడేళ్లవాడివి. అద్దం పగలడం అనుకోకుండా జరిగిందని నీకూ తెలుసు, సార్‌కూ తెలుసు. నిన్ను నిద్రపోనివ్వనిది మూడొందలు కట్టిన దోస్తు.

అందుకని ముందు వాడి దగ్గరికి పో. ‘నా పేరు చెప్పకుండా నువ్వు కాపాడావు, రేపు నేను సార్‌కు చెబుతా’ అను. తర్వాత స్టాఫ్‌రూంలో అందరి ముందు కాకుండా వార్డెన్ సార్ ఒంటరిగా ఉన్నప్పుడు పోయి మూడే మాటలు చెప్పు. అద్దం పగలగొట్టింది నేను. అప్పుడే చెప్పలేదు, భయపడ్డాను. వాడి డబ్బులు నేను ఇస్తాను. మూడొందలు నీ దగ్గర ఉండవు కాబట్టి ఇంటికి ఫోన్ చేసే రోజు నాయనకు కూడా నువ్వే చెప్పు. తిట్లు పడతాయి. పడనీ.

సార్లకు ఒక మాట. ఇట్లా వచ్చి చెప్పిన పిల్లాడిని ప్రేయర్‌లో నిలబెట్టి ఉదాహరణగా చూపించకండి, మెచ్చుకోవడానికైనా సరే. తర్వాత ఇంకెవరూ రారు.

ప్రశ్న: నమస్తే మేడం. హాలియా దగ్గర మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. నా మనవడికి పదిహేడేళ్లు, ఇంటర్ అయిపోయింది, డిగ్రీలో చేరుతున్నాడు. తోటలోకి రమ్మంటే ఫోన్ పట్టుకుని వస్తాడు, ఫోన్ పట్టుకునే పోతాడు. కొన్ని చెట్లు వాడికే అప్పగిద్దామని ఉంది. కానీ చెట్లు చంపుతాడేమోనని నా భయం. ఒక బత్తాయి చెట్టు కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసు.

జవాబు: పెద్దాయనా, మీ ఆలోచన నాకు బాగా నచ్చింది. తెలుసు, నాలుగైదేళ్లు పెంచితే గానీ కాయ చేతికి రాదు. అందుకే మొత్తం తోట వద్దు, దారి పక్కన పది చెట్లు ఇవ్వండి. ఆ పదింటి మీద పూర్తి పెత్తనం వాడిది. డ్రిప్ పైపులు మూసుకుపోతే చూసుకోవడం, ఎండు పుల్లలు తీయడం, ఎరువు ఎప్పుడు ఎంత వేయాలో వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోవడం, కోత, అమ్మకం, లెక్క. రెండు సంగతులు మాత్రం మొదటిరోజే చెట్టు దగ్గర నిలబెట్టి చూపించండి. నీళ్లు మొదలుకు తగిలితే బంక కారే తెగులు వస్తుందని ఒకటి, మందు కొట్టేటప్పుడు ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దని రెండోది. మందు కొట్టడం మాత్రం పద్దెనిమిది నిండేదాకా పెద్దవాళ్లే చేయాలి, అందులో వాడి ఇష్టం లేదు.

ఫోన్ గురించి మీరు బాధపడుతున్నారు. నేనైతే ఆ ఫోన్‌నే తోటలోకి తెస్తాను. ఏ ఆకు పసుపు తిరిగిందో ఫొటో తీయమనండి, నల్లగొండ మార్కెట్‌లో, హైదరాబాద్‌లో టన్ను ఎంత పలుకుతోందో రోజూ చూసి మీకు చెప్పమనండి. ధర చెప్పినందుకు మీరు ఆశ్చర్యపడాలి, నిజంగానే ఆశ్చర్యపడతారు.

ఆ చెట్ల డబ్బు వాడి ఖాతాలోనే పడాలి. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు ఒప్పుకుంటుంది, పరిమితులు ఆయా బ్యాంకులు పెడతాయి. మీ మనవడికి పదిహేడేళ్లు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఎరువుల ఖర్చు కూడా అందులోంచే పోవాలి. మొదటి ఏడు వాడి పది చెట్ల కాపు మీ చెట్ల కంటే తగ్గుతుంది. తగ్గినప్పుడు మీ చెట్ల కాయలు కొన్ని వాడి కుప్పలో కలపాలనిపిస్తుంది. తాత మనసు అట్లానే ఉంటుంది. కలపకండి.

ఒకటో రెండో చెట్లు ఎండితే ఎండనివ్వండి. ఆ గుంతలో కొత్త మొక్క వాడే తెచ్చి పెడతాడు. కోత అయ్యాక ఎన్ని కిలోలు వచ్చాయి, ఎంత మిగిలింది అన్నది నాకు రాయండి. ఆ ఉత్తరం మాత్రం మీ మనవడి చేత రాయించండి.